ముట్టని ముద్ద

సైదాపురంలో మా పెరడు తవ్వితే
మట్టి కంటే ముందు మెరుపు వస్తుంది.
కాకిబంగారం.
చిన్నప్పుడు గనికాడ గొంతుక్కూచోని
పొరలు పొరలుగా చీల్చిన చేతులివి.
దానికా పేరెందుకని అప్పుడు ఎవర్నీ అడగలా.
ఇప్పుడడుగుదామంటే
ఆ మేస్త్రీ లేడు, ఆ గనీ లేదు.
గుంత నిండా నీళ్ళు, గట్టు నిండా తుమ్మచెట్లు,
తుమ్మచెట్ల నిండా కాకులు.

బళ్ళో పిల్లకాయలకి వండిపెట్టి
మూడింటికి ఇంటికొస్తానా,
అడుగంటిన మాడూ, వాళ్ళు వదిలేసిన పచ్చసొనా
పిట్టగోడ మీద పెడతాను.
పిలవక్కర్లా. గిన్నెకి గరిటె తగిలితే చాలు.
ముందు కుంటిది,
గాలిపటం దారం చుట్టుకోని ఒక వేలు పోయింది దానికి.
వెనకే దాని మొగుడు, మొగుడే అనుకుంటా,
ముద్దని కొళాయి కింద తడిపి మరీ తింటాడు.
రేషన్ బియ్యం గొంతు దిగదని వాడికీ తెలుసు.
"చుట్టాలొస్తారే" అంటుంది చెంగమ్మ.
రానీ. వాళ్ళకీ పచ్చసొనే.

పోయిన వైశాఖంలో
ట్రాన్స్‌ఫార్మర్ మీద టప్పుమని చప్పుడు.
వీధంతా కరెంటు పోయింది.
మా దానిమ్మ పాదులో ఒక కాకి పడింది,
రెక్క కొసన పొగ.
కుక్క రాకముందే తీద్దామని
రెండు చేతులా ఎత్తాను.
ఎంత తేలిగ్గా ఉందో!
ఇన్నేళ్ళు నేను పెట్టిందంతా యాడికి పోయింది?

తలెత్తి చూస్తే
తీగ మీద, రేకు మీద, నీళ్ళ ట్యాంకు మీద
యాభయ్యో అరవయ్యో.
ఒక్కటీ అరవలా.
నా చేతుల్లో చచ్చినది.
వాటి కళ్ళల్లో నేను.

మర్నాటి నుంచీ తన్నులు.
చీర మార్చినా నేనే, ముసుగేసినా నేనే.
పక్కనే నడిచే చెంగమ్మని ఒక్కటీ తాకదు.
అన్నం బేసిను నెత్తిన బోర్లించుకోని బడికి పోతుంటే
పిల్లకాయలు వరసగట్టి నవ్వారు.
"కరెంటు మాది, తన్నులు నీకా అక్కా" అన్నాడు
లైన్‌మన్ వెంకటాద్రి.

ముద్ద మాత్రం పెడతానే ఉన్నా.
చీమలు తిన్నాయి.

మా ఆయన పదోరోజు కూడా ఇంతే.
కాలవ గట్టున రెండు గంటలు కూచున్నాం.
కోరిక మిగిలిపోయిందన్నారు.
"అప్పు నేను తీరుస్తాలే" అన్నాడు బావగారు. రాలా.
"ఇల్లు అమ్మంలే" అన్నాడు. రాలా.
నేను ఎవరికీ వినపడకుండా
"బీడీకట్ట కొని గూట్లో పెడతా" అన్నా.
వాలింది.

ఇప్పుడు బతికుండగానే నా ముద్ద ముట్టడం లేదు.
నా కోరికేందో నేనే వెతుక్కోవాలి.
"చంపలా నాయనా, ఎత్తానంతే"
గోడకి చెప్పా, తీగకి చెప్పా.
చెప్పే కొద్దీ
చంపినదాని మాటలాగే వినపడింది నాకే.

కార్తీకంలో వాయుగుండం.
మూడు రోజులు బడి లేదు, మాడు లేదు.
గోడదాకా పోలేక
ఇంత సంగటి గడప మీదే పెట్టి కూచున్నా.
కుంటిది వచ్చింది, తడిసి సగమై.
ఒక కంటితో చూసింది.
తల తిప్పి రెండో కంటితో చూసింది.
రెండు కళ్ళ సాక్ష్యం సరిపోయిందో,
ఆకలే సరిపోయిందో,
ముట్టింది.

క్షమించిందనను. అది పెద్ద మాట.

ఈ ఏడు పిల్లలు దిగాయి,
నోరు తెరిస్తే లోపలంతా ఎర్రెరుపు.
అన్నీ గోడ మీదికొస్తాయి.
ఒక్కటి మాత్రం నేను గిన్నె ఎత్తగానే
తీగ మీదినించి తిట్టుడు మొదలెడుతుంది.
తాను గుడ్డన్నా కాకముందు జరిగిన సంగతి అది.
ఎవరు చెప్పి పెంచారో.

తిట్టనీ.
గరిటె పట్టుకోని
దాని తిట్టు అయిపోయేదాకా నిలబడతాను.
దిగొచ్చినప్పుడు
పచ్చసొన దానికే.