పదకొండు సెకన్లు

పోర్టు స్టేడియంలో హెవీవెయిట్ బెల్టు పోరు.
గంట కొట్టే పని నాది.

దాలినాయుడు గాజువాక. పోలయ్య జాలారిపేట.
ఏడాదిగా ఆటోల వెనక ఈ రెండు పేర్లే,
టీకొట్ల దగ్గర పందేలు, తగువులు.
తీరా చూస్తే
మొదటి రౌండులోనే తేలిపోయింది.

పోలయ్యవి వల లాగే చేతులు,
దగ్గరికి లాగడమే తెలుసు వాటికి.
దాలినాయుడు దూరం నుంచే
ఒక్కొక్కటీ, తీరిగ్గా,
ప్లాంటులో షిఫ్టు చేసినట్టు.

నాలుగో రౌండుకి జాలారిపేట వరసలు
అరవడం మానేశాయి.
ఎడమ కన్ను మూసుకుపోయింది.
పడడు. పడితే బాగుండును.

పదకొండు సెకన్లు ముందే గంట కొట్టాను.

రిఫరీ నా వైపు చూశాడు.
దాలినాయుడూ చూశాడు,
ఎత్తిన చెయ్యి దించేసి
ఏమీ అనలేదు.

పోలయ్య ఒక్కడే
ఉన్న ఒక్క కంటితో గడియారం వెతికి
నన్ను తిట్టాడు.