పోగులెన్ని?

ఆషాఢం, బోనాలకు ముందటి ఆదివారం.
జంపఖానా మూడు మూరలు నేసి
ఎర్ర కండె మార్చుదామని వంగిన.
వీపుల ఎవరో గొడ్డలి దించినట్టయింది.

ఎంజీఎంల స్కానింగు చూసిన పిల్ల డాక్టరు
నా దిక్కు చూడకుండ ఫోన్ల మాట్లాడిండు.
గుండెకెల్లి దిగే పెద్ద నాళం
పాత సైకిల్ ట్యూబు లెక్క ఉబ్బి చిట్లుతున్నదట.
"హైదరాబాదు. ఇప్పుడే."
జనగాం దాటినంక నాకు సోయి లేదు.
సాంబలక్ష్మికి ఉన్నది.
టోల్‌గేటు కాడ ఆగిన నాలుగు నిమిషాలు
ఇప్పటికీ టోలు చీటీ లెక్క దాసుకున్నది.

తొమ్మిది గంటలు కోసిన్రట.
మెలకువొచ్చినంక కాలివేళ్ళు కదపమన్నరు. కదిపిన.
సిస్టరమ్మ చప్పట్లు కొట్టింది.
నా బతుకుల నాకు పడ్డ చప్పట్లు అవొక్కటే.

మూడోనాడు తెల్లారంగ చూస్తే
దుప్పటి కింద ఎవరివో కాళ్ళున్నయి.

వెన్నుపాముకు నెత్తురు అందలేదన్నరు.
నడుముల సూది కుచ్చి నీళ్ళు తీసిన్రు,
బీపీ పెంచిన్రు,
దూదితోని రాసి, గుండుపిన్నుతోని పొడిసి
తెలుస్తున్నదా, తెలుస్తున్నదా అన్నరు.
బొడ్డు దాక తెలుస్తున్నది.
ఆడికెల్లి పడుగు తెగింది.

పెద్ద సారు మంచోడు, కుర్చీ జరుపుకుని కూసున్నడు.
"పానం నిలిపినం. కాళ్ళు నిలుపలేకపోయినం."
నేనడిగిన: లోపల పెట్టిన పైపు దేనిది సారూ?
పాలిస్టర్ అన్నడు. నేసిందే, బట్ట లెక్కనే.
మిషిన్ మీదనా, చేతి మీదనా?
అంగుళానికి పోగులెన్ని?
సారు నవ్వబోయి ఆగిండు.
కనుక్కుని చెప్తనన్నడు.
ఇంకా చెప్పలే.

నలభై ఏండ్లు ఊరోళ్ళ పెండ్లిళ్ళ కింద పరిచే బట్ట నేసిన.
ఇప్పుడు ఏ దేశంలనో ఎవరో నేసిన జానెడు బట్ట
నా నెత్తురు మోస్తున్నది.
ఆయన కూడా కాళ్ళతోనే తొక్కిండా
అని అడగబుద్ధయితది.

కొత్తవాడ ఇంట్ల మగ్గం గుంటల
ఇప్పుడు సాంబలక్ష్మి దిగుతది.
కండెలు చుట్టిన చెయ్యే గాని తొక్కుడు కొత్త.
ఎడమకాలు ఆలస్యమైతది.
మంచం మీదకెల్లి చప్పుడు వింట.
పోగు తెగితే ఆమెకంటె ముందు నాకే ఎరుక:
"కుడిదిక్కు, అంచుకాడ చూడు."
రెండు గంటలకొకపారి వచ్చి
నన్ను పక్కకు మళ్ళేస్తది,
ఒంటేలు సంచి గుంజుకపోకుండ చూస్తది,
వీపు పుండుకు మందు రాసి
మల్ల గుంటల దిగుతది.
తిట్టదు. తిడితే బాగుండనిపిస్తది.

మొన్న రాత్రి కుడికాలు ఒక్కసారి ఎగిరిపడ్డది.
లైటేసి ఏడ్సింది,
పోశమ్మకు కోడిని మొక్కింది.
కసరత్తు చేయించే పిల్లగాడు నాకు ముందే చెప్పిండు:
అది కదులుడు కాదు తాతా, నరం ఈడ్సుకునుడు.
ఆమె మొఖం చూసి నోరు తెరువలేకపోయిన.

నిన్న మల్ల.
చీకట్ల పండి లెక్కవెట్టిన.
కుడిది. కొంచెం ఆగి ఎడమది.
మల్ల కుడిది.
వరస తప్పలే.
నాడె ఒక్కటే లేదు.