ఈ ధర ఈ రాత్రికే

విన్నిపెగ్‌లో మైనస్ ముప్పై.
స్టెఫానియా వంటింటి బల్ల మీద
గాజుముక్క, దీపం, కాలిక్యులేటర్
మూడు గంటలుగా కాపురం పెట్టాయి.

తొమ్మిది కిటికీలు, ఇరవై రెండు వేల డాలర్లు.
ఆమె పలక్కపోతే పద్దెనిమిది.
తల అడ్డంగా ఊపితే మేనేజరుకి ఫోను, పద్నాలుగు.
"నేను గడప దాటానంటే ఈ ధర పోయినట్టేనండి."
"అయితే దాటు నాయనా."

దాటాడు డార్సీ.
కారు దగ్గింది, మూలిగింది, కదల్లేదు.

మళ్ళీ తలుపు తట్టినవాడి కనురెప్పల మీద మంచు.
కిటికీ పక్క కుర్చీలోనే కూర్చోబెట్టి
వేడి వేడి బీట్‌రూట్ సూపు పోసిచ్చింది.
చట్రం సందులోంచి ఈలేస్తూ గాలి
సరిగ్గా అతని మెడ మీదే వాలింది.
కాలరు పైకి లాక్కున్నాడు గానీ
కిటికీ మాటెత్తలేదు.

టో ట్రక్కు వచ్చేసరికి పదకొండు.
వెళ్తూ వెళ్తూ, ఎర్రబారిన వేలితో
సందు ఎక్కడుందో చూపించాడు:
"ఇక్కడ పాత తువ్వాలు కుక్కండి,
ఈ చలికాలం గట్టెక్కుతారు."