పదకొండు సెకన్లు

డెట్రాయిట్‌లో శనివారం మధ్యాహ్నం
బ్రాడ్‌నాక్స్ మంగలి షాపులో
జుట్టు కత్తిరించుకోడానికి వచ్చేవాళ్ళు ముగ్గురు,
కత్తిరించడానికి జుట్టే లేనివాళ్ళు ఆరుగురు.
ఆ ఆరుగురూ వచ్చేది లూషస్ పెట్‌వే కోసం.
అతను పోయి పంతొమ్మిదేళ్ళు.

నా పని ఊడవడం.
తెల్ల వెంట్రుకలూ నల్ల వెంట్రుకలూ
ఒకే చేటలోకి ఎత్తడం.

"ఎడమ చెయ్యంటే లూషస్‌దే,"
అంటాడు క్లియోఫస్, సబ్బు నురగలోంచి.
"కుడిది అబద్ధాలాడేది, ఆడనీ.
ఎడమది మాత్రం అద్దె కట్టే మనిషిలా
ఒకటో తారీఖుకి ఠంచనుగా వచ్చేది."

"నీ మొహం. ఆ చిటికెన వేలు వంకర.
ఫౌండ్రీలో నలిగింది."
"ఫౌండ్రీ కాదు, పియానో మూత.
రెండో పెళ్ళాం వేసింది."
"మూడోది."
"మూడోది ట్రంపెట్ వాడితో లేచిపోయిందిగా!"
"వాడితో కాదు,
వాడి ట్రంపెట్ తాకట్టు పెట్టి, ఒక్కతే పోయింది."

ఇలా కోడిగుడ్డుకి ఈకలు పీకీ పీకీ
చివరికి అందరూ ఒక్కచోటికే చేరతారు:
డెబ్బై ఒకటి, ఫిబ్రవరి, మంచు తుఫాను రాత్రి,
కాపర్ లాంతరు క్లబ్బులో
పద్నాలుగు మంది జనం ముందు రికార్డయిన ప్లేటు,
రెండో వైపు, సోలో నట్టనడుమ
లూషస్ రెండు చేతులూ ఎత్తేసిన
పదకొండు సెకన్లు.

బేసు ఆగదు,
చీకట్లో మెట్లు దిగే మనిషిలా నడుస్తూనే ఉంటుంది.
డ్రమ్ము మీద బ్రష్షులు
నేను నేల ఊడ్చినట్టే ఊడుస్తుంటాయి.
పియానో ఉండదు.
తర్వాత నాలుగైదు మెట్లు కలిసి ఒక్కసారే పలుకుతాయి,
తప్పు చోట, తప్పు వేళ.
అది విన్నప్పుడల్లా నా మెడ వెనక
చల్లటి కత్తి ఆనినట్టుంటుంది.

"అది ప్రార్థన," అంటాడు స్టాల్‌వర్త్,
నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచినవాడు.
"వాళ్ళ నాన్న పాస్టరు.
కొడుకు జన్మలో ఒక్కసారి ఆయన మాట విన్నాడు."
"డ్రమ్మరుకి డబ్బులెగ్గొట్టాడు,
కళ్ళతో కొట్టుకుంటున్నారిద్దరూ," అంటాడు క్లియోఫస్.
ఒకసారి ఒక ప్రొఫెసరు వచ్చి,
క్షవరం చేయించుకోకుండానే కుర్చీలో కూచుని,
ఆ నిశ్శబ్దం మీద డెబ్బై పేజీలు రాశానన్నాడు.
బ్రాడ్‌నాక్స్ అడిగాడు:
"ఖాళీ పేజీలేనా?"

మొన్న ఒడెస్సా టార్వర్ వచ్చింది,
మునిమనవడికి జుట్టు తీయించడానికి.
ఆ క్లబ్బు గుమ్మంలో కోట్లు అందుకుని
టోకెన్లిచ్చిన మనిషి.
వీళ్ళ వాదం అంతా విని
పర్సులో చిల్లర వెతుక్కుంటూ అంది:

"పళ్ళ సెట్టు ఊడిందయ్యా. కింది వరస.
మూలుగుతూ వాయించేవాడు కదూ,
మూలుగుతుంటే జారి
తొడ మీద పడి, పెడల్ కిందికి దొర్లింది.
వంగి వెతుక్కున్నాడు. దొరకలా.
లేస్తుంటే మోచెయ్యి తగిలింది.
పొద్దున నా చీపురుకి దొరికితే
రుమాల్లో చుట్టి ఇచ్చాను.
ఎవరికీ చెప్పొద్దని రెండు డాలర్లిచ్చాడు."

మిషన్ ఆగింది.
క్లియోఫస్ గడ్డం మీద నురగ ఎండిపోయింది.
చాలాసేపటికి స్టాల్‌వర్త్ గొంతు సవరించుకున్నాడు.
"ఊడిందనే అనుకుందాం తల్లీ.
వెంటనే వంగి ఉండడు.
ముందు ప్రార్థన చేసుంటాడు."
"పెడల్ కిందికి దాన్ని తన్నింది
డ్రమ్మరే," అన్నాడు క్లియోఫస్.

ఒడెస్సా నవ్వింది.
తన పళ్ళు తనవే.

బ్రాడ్‌నాక్స్ ఏమీ అనకుండా
ప్లేటు తిరగేసి పెట్టాడు.
చీపురు గోడకి ఆనించాను.
బేసు మెట్లు దిగసాగింది,
ఆ చోటు వచ్చింది.
కుర్చీలో పిల్లాడు కూడా తల కదపలేదు.
ఒడెస్సా కళ్ళు మూసుకుని
రెండు చేతులూ కొంచెం ముందుకు చాపింది,
మంచులోంచి వచ్చిన ఎవరిదో
తడి కోటు అందుకోబోతున్నట్టు.

మోచెయ్యి పడింది.

"అబ్బా!" అంది,
మా అందరికన్నా ముందు.