గడియారం మార్చికి

పెరుంగుడి, మూడో అంతస్తు, పావుతక్కువ పన్నెండు.
తెర మూలన పసుప్పచ్చ పట్టీ:
ట్రయల్ గడువు ఈ రాత్రితో సరి.

ఒక్క ఇనప్పెట్టె కడుపులో తొమ్మిది యంత్రాలు,
అన్నీ ఉత్తుత్తివే. అయినా ఒకటి జీతాలు లెక్క కడుతుంది,
ఒకటి ఎవరూ చదవని ఉత్తరాలు దాస్తుంది.
ప్రివ్యూ మీద అసలు పని పెట్టొద్దని
అందరికీ చెప్పింది నేనే.
పెట్టిందీ నేనే.

కొత్త బిల్డ్ శుక్రవారానికి గానీ రాదు.
సెల్వమణి ఫోన్లో ఆవలించి అన్నాడు:
"గడియారం మార్చికి తిప్పెయ్, అక్కా."

తిప్పాను. పట్టీ పోయింది.
నూట యాభై రోజులు
వడ్డీ లేకుండా చేతికొచ్చాయి.
మార్చిలో కింద టీ కొట్టు ఉండేది,
కుమరేశన్ అడక్కుండానే నా గ్లాసులో చక్కెర తగ్గించేవాడు.
మెట్రో పిల్లర్లు మోకాలెత్తున ఉండేవి.

అంతలో ఆరో యంత్రం తలుపేసుకుంది.
దాని తాళంచెవి మే నెలలో చేయించింది;
ఈ సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదు, పొమ్మంటోంది.

గడియారాన్ని మళ్ళీ ఆగస్టుకి తెచ్చి
తొమ్మిదింటినీ మూటగట్టి
పాత డిస్కుకి మోయడం మొదలెట్టాను.
ముందు జీతాలది.
పద్దెనిమిది శాతం.
పళ్లికరణై చిత్తడి వాసన
సర్వరు గదిలోకీ వస్తుందని
ఇన్నాళ్ళూ తెలీదు.