గడిలో పట్టని జుట్టు

మా అన్న కూతురు గీతిక
శ్రీసిటీలో ఉద్యోగమొస్తుందని పదిహేను రోజులు జపానీ క్లాసుకు పోయి
పదహారో రోజు మానేసింది.
గళ్ళ నోటుబుక్కు మిగిలింది. నాలుగు పేజీలే రాసుంది.
పారేయడానికి మనసొప్పక
నేను మొదలుపెట్టినా.

అంతే. ఇంకే కారణమూ లేదు.
ఎవురడిగినా ఇదే చెప్తా ఉండా,
ఎవురూ నమ్మరు.

జీవకోనలో తెల్లారుజామున మూడుకు కొళాయి వస్తుంది.
బిందె నిండే లోపల ఒక అక్షరం, పదిసార్లు.
రెండో బిందెకు ఇంకొకటి.
పలక మీద అ ఆలు దిద్దిన చెయ్యి నాది,
ఎక్కడ మొదలుపెట్టినా చుట్టుకోనే చూస్తుంది.
ఇక్కడేమో సున్న అనేదే లేదు.
నోరు రాయమంటే నాలుగు మూలల పెట్టె.
సూర్యుడన్నా పెట్టే, నడుమ ఒక అడ్డగీత.
సూర్యుణ్ణి ఇట్ల గీసుంటే
మా ఒకటో తరగతి అయివారు చెవి మెలిపెట్టుండేవాడు.

నాలుగున్నరకు అలిపిరి బస్సు.
ఆరుకంతా కల్యాణకట్టలో పీట మీద ఉండాల.
టోకెనిచ్చి తల వంచిన ప్రతి ఆడమనిషికీ
నీళ్ళు చల్లి, నడినెత్తి నుంచి నుదుటికి,
ఆమీట చెవుల పక్కలు, కడాకు మెడ వెనక.
వరస తప్పితే రక్తం చుక్క.
పద్దెనిమిదేండ్లయింది, ఈ వరస నాకెవురూ రాసియ్యలేదు.

అందుకే గీతిక నవ్వినప్పుడు నేను నవ్వలేదు.
"అత్తా, రెండిటికీ ఒకే మాదిరి మొదలుపెడతా ఉండావే!
కుడికి ముందు వాలుగీత, ఎడమకు ముందు అడ్డగీత."
"రాసినాక రెండూ అట్లనే ఉంటాయి గదే?"
"తెలిసినోళ్ళు కనుక్కుంటారంట."
కనుక్కుంటారు.
గొరిగిన తల చూసి
ఏ పీట మీద గొరిగిందో నేను చెప్పనా?

కాచుకోవడం అనే అక్షరంలో
ఎడమ పక్క అడుగులు, కుడి పక్క గుడి.
ఇది కనిపించిన పొద్దు పక్కింటి కస్తూరిని లేపి చూపించినా.
ఆ దేశపోళ్ళకు మన కంపార్టుమెంట్ల సంగతి ఎవురు చెప్పినారే?
ఎద్దు పక్కన గుడి పెడితే, ప్రత్యేకం.
"మూడొందల టికెట్టుదా?" అనింది కస్తూరి, కండ్లు నులుముకుంటా.
చెయ్యి పక్కన గుడి పెడితే, పట్టుకోవడం.
దీనికి ఇద్దరమూ ఏమీ అనలేదు.

నాకు కుదరనిది ఒకటే.
జుట్టు.
పద్నాలుగు గీతలు. పైన పొడుగు అనే మాట,
దాని పక్కన ఏటవాలుగా మూడు వెంట్రుకలు,
కింద స్నేహితుడు.
మూడో వెంట్రుక దిగేటప్పటికే గడి నిండిపోతుంది,
పాపం స్నేహితుడు కింద గడిలోకి కాళ్ళు జారవిడిచి వేలాడతా ఉంటాడు.
దినానికి నలభై తలల జుట్టు దించేదాన్ని,
ఒక జుట్టును నిలబెట్టలేకుండా ఉండా.

మొన్న శనివారం ఒకామె వచ్చింది, ఏ ఊరో అడగలేదు.
మోకాళ్ళ దాకా జడ.
నీళ్ళు చల్లబోతే జడకొస గుప్పిట్లో పట్టుకోని
"ఒక్క నిమిషం మే" అనింది.
వెనక వరసలో సణుగుడు. ఎవురిదో బిడ్డ ఏడుపు.
అన్నిటి మీదా గోవింద నామాలు.
కుడిచేతిలో కత్తి అట్లనే ఆపి కూర్చున్నా.
ఎడమచేతి వేలు, నాకు తెలీకుండానే,
మోకాలి మీద తొమ్మిది గీతలు గీసింది.
అడుగులు. గుడి.
ఇంకోసారి గీసింది.
మూడోది సగంలో ఉండంగా
ఆమె గుప్పిట విడిచి, తనే తల వంచింది.

ఈ పొద్దు మళ్ళా జుట్టే రాస్తా ఉండా.
వెంట్రుకలు మూడూ సన్నగా దిగినాయి.
స్నేహితుడు లోపలికి ముడుచుకున్నాడు, కొంచెం కుంటినా
గడి దాటలేదు.
పట్టింది! అని లేవబోతా లెక్కపెడితే
పదమూడే ఉండాయి.

ఏది మరిచినానో వేలు పెట్టి వెతకతా ఉండా.
బయట బిందె నిండి పొర్లతా ఉంది.