ఐదు గడులు

పాక్సే రేవు మెట్ల పక్కన
సిమెంటు స్తంభం మీద ఆ తెల్లగీతలు నావే.
ఏటా వరద నాకేసిన గీతల్ని
ఏటా వేసవిలో మళ్లీ దిద్దేవాణ్ణి.
పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి,
వరద రోజుల్లో గంట గంటకీ
టార్చిలైటు వేసి నదిని చదవడం నా కొలువు.
ముప్పైరెండేళ్లు. పదిహేడు పుస్తకాలు.
తడిసి, ఎండి, అప్పడాల్లా లేచిన కాగితాలు.

ఇప్పుడు వాటిని యంత్రానికి చదివిస్తారట.
వియెన్‌తియాన్ నుంచి వచ్చింది మనివన్ అనే పిల్ల.
ఒక్కో పేజీ ఫొటో తీస్తూ చెప్పింది:
"నాలుగు ప్రభుత్వాలూ సంతకం పెట్టాయి తాతా.
ఎగువన ఎంత వదిలారో దిగువకి చెబుతారు.
మీ అంకెలూ వాళ్ల అంకెలూ కలిపి నేర్పితే
వరద మూడు రోజుల ముందే తెలుస్తుంది."

సంతకాల దాకా రావడం తేలిక కాలేదట.
పెద్ద హోటల్లో, ఏసీ చలికి కోట్లు బిగించుకుని,
"పంచుకోవాలి" అని రాయాలా
"పంచుకోవచ్చు" అని రాయాలా అని
రెండు పగళ్లూ ఒక రాత్రీ కూర్చున్నారట.
ఆ "చ్చు" మీద
ఫోన్లు రాజధానులకు వెళ్లాయి, వచ్చాయి.
కాఫీ చల్లారింది. మళ్లీ తెచ్చారు.
కిటికీ కింద నది మాత్రం
ఏ మాటా తేలకముందే
కిందికి పోతూనే ఉంది.

ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.
ఐదో పుస్తకం అప్పుడు ఆమె చేతిలో ఉంది.

అందులో ఒక రాత్రి ఉంది.
ఆగస్టు. వాన. మా ఆవిడకి నొప్పులు.
మంత్రసాని అవతలి ఒడ్డునే చిక్కుకుపోయింది.
పదకొండు నుంచి నాలుగు దాకా
నేను రేవుకి పోలేదు.
తెల్లారాక, బొడ్డు కోసిన చేత్తోనే
ఐదు గడులూ నింపేశాను.
మెట్లెక్కే ముసలాడిలా
ఆగి ఆగి, బుద్ధిగా పెరిగే అంకెలు.
అబద్ధం ఎంత కుదురుగా ఉందో!
పై అధికారి చూసి టిక్కు పెట్టాడు.
ఆ పిల్ల ఇప్పుడు సవన్నఖేత్‌లో బస్సు నడుపుతోంది.
దానికి ఇరవైమూడేళ్లు. నా అబద్ధానికీ అంతే.

చెప్పేశాను.
మనివన్ కళ్లజోడు తుడుచుకుంది.
"లక్షల్లో ఐదేగా తాతా, యంత్రం సర్దుకుపోతుంది."
సర్దుకుపోవడం నాకు తెలియంది కాదు,
సర్కారు కొలువులో నేర్చుకున్నది అదే.
కానీ ఆ ఐదు గంటలూ నది ఏం చేసిందో
నాకు ఈ రోజుకీ తెలియదు.
రేపెక్కడో దిగువన ఎవరిదో చాప
ఆ జానెడు అబద్ధం మీద పరిచి ఉంటే?

నెల తర్వాత ఫోను. సరిహద్దు అవతలి నుంచి.
స్టంగ్ ట్రెంగ్‌లో స్తంభం చదివే ఆవిడ, నియారీరత్.
ఆమెకి ఖ్మేర్, నాకు లావో. మధ్యలో యంత్రమే దుబాసీ.
మేం నదిని తల్లినీరు అంటాం.
యంత్రం తల్లిని పట్టుకుని
నీటిని జారవిడిచింది.
"మీ అమ్మ" అందావిడ,
"మర్నాడు రాత్రి ఒక్క గంటలో రెండు జానలు ఎగబాకింది.
ఎగువ కాగితంలో ఆ దూకుడు లేదు.
నేనే నిద్రమత్తులో తప్పు చదివానన్నారు.
వారం జీతం కోసేశారు.
ఇన్నేళ్లూ నా కళ్లనే అనుమానించుకున్నా."

చెవిలో ఫోను వేడెక్కింది.
ఏ హోటల్లోనూ ఎవరూ వెతకని మాట కోసం
నేను వెతుకుతున్నాను.
ఆ ఐదు గడుల్లో అంకెలు కొట్టించేశానని,
"చదవలేదు" అని రాయించానని,
ఆమె అంకె నిజమని పక్కనే రాయించానని చెప్పాను.
యంత్రం ఎలా తిప్పి చెప్పిందో ఏమో,
అటువైపు చాలాసేపు వాన చప్పుడే వినిపించింది.

తర్వాత అడిగింది:
"పిల్ల ఎంత బరువు పుట్టింది?"

తూచలేదు, అన్నాను.

"ఇది నిజమే" అంది.